ఇంటి పటములకుఁ దగిన చిన్న కెమెరా

పండుగలకును, పేరంటములకును, నిత్యము ఇంటిలోను వాడుకొనుటకు చిన్న డిజిటల్ కెమెరా కొనఁదలఁచినవారు అంగడివాఁడు చెప్పెడి మెగాపిక్సెళ్ల సంఖ్యకు లోఁబడరాదు. 4 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల పొడవు గల పటము చక్కఁగా అచ్చగుటకు ఇంచుమించు 2 మెగాపిక్సెళ్లు చాలును. నేఁటి కెమెరాలలో అంతకంటెఁ బెక్కురెట్లు గలవు.

ముఖ్యముగాఁ జూడవలసినది వెలుతురును గ్రహించు సెన్సరు యొక్క పరిమాణము. చవుక కెమెరాలు పెక్కింటిలో నది సుమారు 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 మిల్లీమీటర్ల యెత్తు గలది. అంగుళపు సెన్సరని పేరేగాని నిజముగా అంగుళము లేని రెండవ రకము 13.2 మిల్లీమీటర్ల వెడల్పు, 8.8 మిల్లీమీటర్ల యెత్తు గలది. అనఁగా వైశాల్యమున నాలుగు రెట్లు. వెలయు నధికమే. పట్టపగటి యెండలో నీ రెంటికిని భేదము స్వల్పము. కాని మన యింటి పటములలోఁ బెక్కులు దీపములు పెట్టిన వేళ, పెద్దవారి మంచముచెంతఁ దీసినవే గదా! అచ్చటఁ జిన్న సెన్సరు ముఖముపై ఇసుక చల్లినట్లు చూపును.

దూరపు వస్తువును దగ్గఱచేయు జూము విషయమునఁ గటకముచేఁ గలుగుదానినే లెక్కింపుఁడు; డిజిటల్ జూము పటమును గత్తిరించి పెద్దది చేయుటయే.

అంగడిలో నీడగల మూలఁ దోడువచ్చినవారి ముఖమును ఆ కెమెరాతోను, మీ ఫోనుతోను దీసి, రెంటిని పెద్దవి చేసి పోల్చి చూడుఁడు. మేలు కనఁబడనిచో సొమ్ము మిగుల్చుకొనుటయే వివేకము.

పూలకుండి పటము చెడినచో మఱునాఁడు తీయవచ్చును. వృద్ధులైన అత్తమామల పటము చెడినచో, మరల నట్టి వేళ దొరకునని నమ్మరాదు. కొనునపుడు ఈ మాట మఱవకుఁడు.