టేబుల్ ఐటంగా మన చదువులు

"యూనివర్సిటీ పాలక మండలి సమావేశం జరిగింది. పలు అంశాలకు ఆమోదం తెలిపారు." జిల్లా పేజీలో ఈ రెండు వాక్యాలు మీరు ఎన్నిసార్లు చదివి ఉంటారో! నేను ఎన్నిసార్లు రాశానో నాకే లెక్క లేదు. ప్రెస్ నోట్ వస్తుంది. దాన్నే కాస్త కుదించి పంపుతాం. వీసీ గారు మధ్యలో కూర్చున్న ఫొటో పెడతాం. ఆ "పలు అంశాలు" ఏమిటని ఒక్కనాడూ అడగలేదు. తప్పు నాది కూడా. అందుకే ఈ రాత.

పలు అంశాలంటే ఏమిటి? ఏ కాలేజీకి అనుబంధం ఇవ్వాలి, దేనికి తీసెయ్యాలి. పరీక్ష ఫీజు ఎంత. రిజిస్ట్రార్ ఎవరు. కాంట్రాక్టు లెక్చరర్లను ఇంకో ఏడాది ఉంచాలా వద్దా. బడ్జెట్‌లో జీతాలు పోను ల్యాబుకు మిగిలేది ఎంత. నరసన్నపేటలో బస్సెక్కి, శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో దిగి, మళ్ళీ ఎచ్చెర్ల బస్సు కోసం నిలబడే కూలోళ్ళ బిడ్డ చదువు ఎలా సాగాలో అసెంబ్లీలో కంటే ఈ కాగితాల్లోనే ఎక్కువగా తేలుతుంది.

ఆ కాగితాలు నడిచే తీరు చూడండి. ఎజెండా అని ఒక లావుపాటి ఫైలు ఉంటుంది. ముందు గత సమావేశం మినిట్స్ ఖరారు. తర్వాత తీసుకున్న చర్యల నివేదిక. ఆ తర్వాత ర్యాటిఫికేషన్. అంటే వీసీ ముందే చేసేసిన పనికి వెనక నుంచి వేసే ముద్ర. మండలి కూర్చోని రోజుల్లో అత్యవసరమైతే వీసీ నిర్ణయం తీసుకోవచ్చు, తర్వాత మండలికి చెప్పాలి. ఇందులో తప్పేం లేదు. తుపాను వస్తుంటే పరీక్షలు వాయిదా వేయడానికి మీటింగ్ దాకా ఆగలేం కదా. కానీ అత్యవసరం అనే మాటను సాగదీస్తే ఎంతైనా సాగుతుంది. నియామకం అత్యవసరం, కొనుగోలు అత్యవసరం, బదిలీ అత్యవసరం. చిట్టచివర వచ్చేవి టేబుల్ ఐటమ్స్. ఇవి ముందు పంపిన ఫైల్లో ఉండవు. సభ్యులు కుర్చీల్లో కూర్చున్నాక ముందు పెడతారు. టీ చల్లారేలోపు చదివి సరే అనాలి. చదవని కాగితానికి ఆమోదం ఏమిటి?

నా మిత్రుడొకడు ఒక యూనివర్సిటీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్నాడు. పేరూ ఊరూ వద్దు, ఉద్యోగం ఇంకా అక్కడే. ఒక ఏడాది అతని రెన్యువల్ ఫైలు మండలికి వెళ్ళాల్సిన సమయంలో సమావేశం వాయిదా పడింది. మళ్ళీ పడింది. మూడు నెలలు జీతం లేదు. క్లాసులు మాత్రం ఆపలేదు. ఆపితే ఆ ఫైలే ఉండదని భయం. ఇంటి అద్దెకు మామగారి ముందు చెయ్యి చాచాడు. చివరికి వచ్చిన కాగితంలో ఆ మూడు నెలల బతుకుకు దక్కింది ఒక్క లైను: కొనసాగింపునకు ఆమోదం తెలపడమైనది. సమావేశం ఎందుకు వాయిదా పడిందో అతనికి ఇప్పటికీ తెలియదు. అడిగితే వచ్చే ఏడాది రెన్యువల్ ఏమవుతుందో అతనికి బాగా తెలుసు.

ఇంతకీ ఆ కుర్చీల్లో ఎవరుంటారు? 1926లో బెజవాడలో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరు చేరింది. నాటి చట్టంలో సెనేట్, సిండికేట్ ఉండేవి. పేరు నమోదు చేసుకున్న పట్టభద్రులు ఓట్లేసి సెనేట్‌కు తమ మనుషుల్ని పంపేవారు. ఆ సెనేట్ స్వర్గమని నేననను. ఓటున్న చోట వర్గాలూ ఉంటాయి. కానీ నిలదీసే నోరు ఒకటి లోపల ఉండేది. 1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టం వచ్చేసరికి ఆ ఏర్పాటు పోయింది. పాలక మండలి వచ్చింది. అందులో కొందరు హోదా రీత్యా వచ్చే అధికారులు, మిగిలినవారు ప్రభుత్వం నామినేట్ చేసినవారు. ఓటుతో గెలిచి వచ్చే కుర్చీ లేదు.

మన పోరాటాల్లోనూ ఒక లోపం ఉంది. యూనివర్సిటీ ఎక్కడ పెట్టాలన్న దాని మీద తెలుగువాళ్ళం తరాల తరబడి కొట్లాడాం. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో కూడా వాల్తేరుతో పాటు అనంతపురంలో ఒక కేంద్రం ఉండాలని రాసుకున్నారు. ఎచ్చెర్లలో 1977లో మొదలైన పీజీ సెంటర్ 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం అయినప్పుడు మనం సంబరపడ్డాం. పడాలి కూడా. కానీ లోపల ఎవరు కూర్చుంటారు, ఏం రాసుకుంటారు అన్నది అడగలేదు. భవనం మన జిల్లాలో ఉంటుంది. ఖజానా తాళం పట్టుకున్న కార్యదర్శి 2014కు ముందు హైదరాబాద్‌లో ఉండేవాడు, ఇప్పుడు అమరావతిలో ఉన్నాడు. నీళ్ళు, నిధులు, నియామకాలు అని గొంతు చించుకునే మనం, నియామకాల ఫైలు ఏ బల్ల మీద కదులుతుందో చూడొద్దా?

రాష్ట్రం వచ్చినంత మాత్రాన ఇది దానంతటదే మారదు. తెలంగాణ చూడండి. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలోని తెలంగాణ యూనివర్సిటీలో 2023లో రిజిస్ట్రార్ కుర్చీ మీద వీసీకీ పాలక మండలికీ పడలేదు. మండలి ఒకరిని వేస్తే వీసీ మరొకరిని వేశాడు. డిచ్‌పల్లి యూనివర్సిటీ సంగతి తేల్చడానికి మండలి హైదరాబాద్‌లో కూర్చుంది. అదే ఏడాది జూన్‌లో, ఒక పరీక్షా కేంద్రం మంజూరు కోసం యాభై వేలు లంచం తీసుకున్నాడన్న ఆరోపణపై ఏసీబీ ఆ వీసీని అరెస్టు చేసింది. పరీక్షా కేంద్రం! యూనివర్సిటీ పనుల్లో ఇంతకంటే మామూలు పని ఏముంటుంది? గుమస్తా స్థాయిలో నియమం ప్రకారం తేలిపోవాల్సిన పని. ఎవరూ చూడని చోట మామూలు పనికే మామూళ్ళు పుడతాయి.

ఓట్లతో కుర్చీలు నింపే చట్టం తెచ్చుకోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో చెప్పలేను. మినిట్స్ చూడటానికి మాత్రం కొత్త చట్టం అక్కర్లేదు. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ చదవండి. ప్రతి ప్రభుత్వ సంస్థ తన మండళ్ళు, కమిటీల వివరాలు, వాటి సమావేశాలకు జనం రావచ్చా, మినిట్స్ జనం చూడొచ్చా అన్నది ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. సమాచారం ఇచ్చేటప్పుడు స్థానిక భాషను లెక్కలోకి తీసుకోవాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది.

కాబట్టి డిగ్రీ కాలేజీ తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఎన్జీవో సోదరులూ! దరఖాస్తు తెలుగులోనే రాయండి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. గత రెండేళ్ళలో మండలి ఎన్నిసార్లు కూర్చుంది, ఎక్కడ కూర్చుంది? ఎన్ని సమావేశాలు వాయిదా పడ్డాయి, కారణం ఏమని రాశారు? ర్యాటిఫికేషన్ కింద ఎన్ని అంశాలు పోయాయి, టేబుల్ ఐటమ్స్‌గా ఎన్ని వచ్చాయి? ఎవరైనా సభ్యుడు అభ్యంతరం చెబితే నమోదు చేశారా? నేను నా దరఖాస్తు రాసేశాను. ఈసారి ప్రెస్ నోట్‌లో "పలు అంశాలు" అని వస్తే, అవేమిటో రాసి పంపేదాకా ఆ వార్త వెయ్యను.