మా ఊరి వెల్డింగ్ షాపు స్టార్టప్ కాదా?

మా ఊర్ల ఓ తమ్ముడు వెల్డింగ్ షాపు నడుపుతడు. పాత బైకు ఇంజన్‌తోని పత్తి చేన్ల గుంటుక కొట్టే బండి తయారుజేసిండు. ఎడ్లు లేని రైతులు మాకూ గావాలె అంటున్నరు. పది బండ్లు చేద్దామని లోన్ కోసం బ్యాంకుకు పోతే నేను గూడ ఎంట పోయిన. "పట్టా పాస్‌బుక్కు ఉన్నదా?" అన్నరు. లేదు. వాపసొచ్చినం. ముద్ర లోన్‌కు ఏదీ కుదవ పెట్టాల్సిన పని లేదు. గని ఆ రూలు కాయితం మీదనే ఉన్నది.

2016 జనవరి 16న స్టార్టప్ ఇండియా మొదలైంది. గుర్తింపు పొందిన కంపెనీలు లక్షన్నర దాటినయ్. 16 లక్షలకు పైన ఉద్యోగాలొచ్చినయని సర్కారు లెక్క. మంచిదే, కాదనను. గని అసలు సంగతి వేరే ఉన్నది. 2023-24 కార్మిక సర్వే ప్రకారం, దేశంల పనిజేసే నూరుమందిల 46 మంది ఎవుసం మీదనే బతుకుతున్నరు. దేశ సంపాదనల ఎవుసం వాటా 20 శాతం గూడ లేదు. ఈ 46 మంది చేతుల పనికి విలువ పెరగకుంట దేశం ఎదిగిందంటే ఎట్ల నమ్మాలె?

పైసలు ఎటు పోతున్నయో చూడుర్రి. 10,000 కోట్లతోని పెట్టిన ఫండ్ సిడ్బీ చేతుల ఉన్నది. అది నేరుగ స్టార్టప్‌లకు ఇయ్యది, పెట్టుబడి ఫండ్లకు ఇస్తది. వాళ్లు తమకు నచ్చిన కంపెనీల పెడ్తరు. వాళ్లకు గావాల్సింది తొందరగ వంద రెట్లయ్యే యాప్. పది మండలాలల్ల అమ్ముడువోయే గుంటుక బండి మీద వాళ్ల కన్ను పడదు. 2021ల 945 కోట్ల సీడ్ ఫండ్ తెచ్చిన్రు. నమూనా తయారీకి 20 లక్షల దాకా గ్రాంటు అన్నరు. అది గూడ ఇంక్యుబేటర్ తలుపు తట్టినోళ్లకే. అన్నిటికంటె ముందు గుర్తింపు గావాలె. అది ప్రైవేట్ లిమిటెడ్‌కో, ఎల్‌ఎల్‌పీకో, రిజిస్టరైన భాగస్వామ్యానికో ఉన్నది. సొంత పేరు మీద నడిచే షాపుకు లేదు.

ఆలేరు దిక్కు శారాజీపేట చింతకింది మల్లేశం కథ మనకు ఎరుకే. ఆరో తరగతితోని చదువు ఆగింది. అమ్మ భుజాల నొప్పి చూడలేక, ఏండ్లకేండ్లు అప్పులు జేసి, 1999ల ఆసు యంత్రం పూర్తిజేసిండు. 2017ల పద్మశ్రీ ఇచ్చిన్రు. సంతోషమే. గని సర్కారు మొదట్లనే పైసలు చేతుల పెడితే ఇసొంటి మల్లేశంలు ఊరికొకలు లేస్తరు.

అందుకే అడుగుతున్న. ఐటీఐలల్ల లేతు మిషన్లు సాయంత్రం పూట ఊరి పోరగాళ్లకు ఇడువుర్రి. సొంత షాపుకు గూడ గుర్తింపు ఇయ్యుర్రి. లోన్ కాదంటే ఎందుకు కాదో బ్యాంకు రాసియ్యాలె.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మనం గూడ ఊకుండొద్దు. స్టార్టప్ గుర్తింపుకు సర్కారు ఫీజు లేదు, దానికోసం బ్రోకర్ చేతుల పైసలు పొయ్యకుర్రి. మా తమ్ముడు ఇద్దరు దోస్తులతోని ఎల్‌ఎల్‌పీ పెడ్తుండు, కాయితాలు కూసొని రాస్తున్నం. వానలు పడేటాల్లకు బండ్లు తయారుండాలె. సర్కారు ఫైలు ఆగుతదేమో గని, చేన్ల కలుపు ఆగదు.