మగ్గం ఖాళీ, యాప్ కళకళ

ఏటా ఆగస్టు 7న, జాతీయ చేనేత దినోత్సవం నాడు, వేదికల మీద ఒకే మాట వినిపిస్తుంది. నేతన్నను ఆన్‌లైన్ ఎక్కించేశాం, దళారీని దింపేశాం, ఇక ఉత్పాదకత పరుగులు తీస్తుందని. ఎన్ని వేలమందికి ఖాతాలు తెరిపించారో చదువుతారు, శాలువాలు కప్పుతారు, ఫొటోలు దిగుతారు. ఖాతా తెరిచాక మగ్గం మీద బట్ట ఎన్ని గజాలు ఎక్కువ దిగిందో మాత్రం ఎవరూ చెప్పరు. అడిగిన పాపాన పోయినవాళ్ళూ లేరు. నేను అడుగుతున్నాను.

అమ్మకానికి ఉత్పాదకత అని పేరు పెట్టడం మొదటి మోసం. మనిషి గంట పనికి ఎంత సరుకు తయారైందన్నదే ఉత్పాదకత. పెద్ద కంపెనీలో ఆర్డర్లు చూసేవాడు వేరు, పెట్టె కట్టేవాడు వేరు, మిషన్ నడిపేవాడు వేరు. అక్కడ ఆన్‌లైన్ అమ్మకంతో గిడ్డంగి ఖాళీ అవుతుంది, ఏ రంగు పోతోందో ఏది పోవడం లేదో తెల్లారేసరికి తెలుస్తుంది, మిషన్లు ఆగకుండా తిరుగుతాయి. కాదనను. భూదాన్ పోచంపల్లిలో ఇక్కత్ చీర నేసే ఇంట్లో ఈ ముగ్గురూ ఒక్క మనిషే.

అసలు ఆ చీర ఎలా పుడుతుందో ఈ పథకాలు రాసినవాళ్ళు ఒక్కపూట కూర్చుని చూశారా? ఇక్కత్‌లో డిజైన్ మగ్గం మీద పుట్టదు, అంతకు ముందే పుడుతుంది. నూలును ఆసు అనే మేకుల చట్రం మీద పోయాలి, గీతలు పెట్టి ముడులు కట్టాలి, ఒక రంగు అద్ది ఆరబెట్టి, ముడులు విప్పి, మళ్ళీ కట్టి ఇంకో రంగు అద్దాలి. కండెలు చుట్టాలి. ఒక పడుగు అతికితే దాని మీద ఏడెనిమిది చీరలు దిగుతాయి. పడుగు ఎక్కాక దాని రంగు మారదు. ‘ఇదే డిజైన్, నేవీ బ్లూలో, ఒక్కటి, మూడు రోజుల్లో’ అని యాప్‌లో మెరిసే ఆర్డరుకు ఆ ఇంట్లో జవాబు లేదు. నూలు ఆరే సమయాన్ని ఏ బటనూ తగ్గించలేదు.

నిజంగా ఉత్పాదకత పెంచినవాడు ఎలా ఉంటాడో చూడాలంటే ఆలేరు వైపు చూడండి. ఒక్క చీరకు ఆసు పోయాలంటే ఆడవాళ్ళు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించేవారు, నాలుగైదు గంటలు. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు, దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టాడు. ఆ పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆరో తరగతిలోనే బడి మానేసినవాడు. ఆయన మిగిల్చిన ఆ మూడు గంటలను ఇప్పుడు మనం దేనికి ఖర్చు పెడుతున్నాం? ఫొటోలు ఎక్కించడానికి, అట్టపెట్టెలకు టేపు అంటించడానికి, కొరియర్ కుర్రాడి కోసం గుమ్మంలో కాపలా కాయడానికి!

పోచంపల్లి దగ్గర ఒక ఊళ్ళో, ఒక నేతన్న ఇంట్లో నేను చూసిన వాపసు పార్సిల్ గురించి చెప్పాలి. ‘రంగు తేడా’ అని కారణం రాసి పంపారు. విప్పితే చీరకు సెంటు వాసన, కుచ్చిళ్ళ మడతలు ఇంకా చెదరలేదు, కొంగు దగ్గర పిన్నీసు గుచ్చిన రంధ్రం. ఎవరి పెళ్ళికో కట్టుకుని తిప్పి పంపేశారు. ఆయన భార్య దాన్ని చేత్తో సాపు చేస్తూనే ఉంది. ‘మగ్గం మీద ఎప్పుడు కూసునాలె సార్? పొద్దుందాక ఫోన్ చూసుడు, రిటర్నులు విప్పుడే అయితాంది’ అన్నాడాయన. ఫోన్ మోగినప్పుడల్లా మగ్గం గుంటలోంచి లేస్తున్నాడు. లేచిన ప్రతిసారీ పేక ఆగుతుంది, ఇక్కత్‌లో గీతకు గీత కలిసే దగ్గర తేడా పడుతుంది, మళ్ళీ సర్దుకోవాలి. ఈ నష్టం ఏ డాష్‌బోర్డు మీదా కనబడదు.

ఇక సర్కారు చలవ. దుకాణం పెట్టుకున్నవాడికి టర్నోవరు పరిమితి దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆన్‌లైన్ యాప్‌లో ఒక్క చీర అమ్మినా కావాల్సిందేనని ఏళ్ళ తరబడి పట్టుబట్టారు. 2023 అక్టోబరు 1 నుంచి చిన్నవాళ్ళకు సడలించారు, అదీ సొంత రాష్ట్రంలో అమ్ముకుంటేనే. పోచంపల్లి చీర యాప్ మీద హైదరాబాదు పోతే సరే, విజయవాడ పోతే రిజిస్ట్రేషన్! దేశమంతా ఒకే మార్కెట్ అని చెప్పిన నోళ్ళే ఈ నిబంధన రాశాయి.

ఇంతకన్నా దారుణం ఇంకోటుంది. నేతగాడు పెట్టిన ఫొటో దొంగకు దారి చూపిన దీపమే అవుతోంది. వారాల తరబడి ముడులు కట్టి తీసిన డిజైన్‌ను ఎవడో పాలిస్టర్ మీద అచ్చు కొట్టి, అదే పేజీలో, పక్క గడిలో, పదో వంతు ధరకు ‘పోచంపల్లి సారీ’ అని పెడతాడు. ఉత్పాదకత పెరిగింది, నిజమే, ఆ అచ్చు మిషన్ వాడికి పెరిగింది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించిన 1985 చట్టమూ ఉంది. ఆ పేరు టైపు చేసి అచ్చు గుడ్డ అమ్ముతుంటే ఆపేది ఎవరు? మేం కేవలం వేదిక మాత్రమే అంటుంది కంపెనీ. కమీషన్ కోసుకునేటప్పుడు ఈ వేదాంతం గుర్తుకు రాదేం?

‘మరి పాత షావుకారే నయమా, పావలా చేతిలో పెట్టి రూపాయి మింగేవాడు కదా’ అని నన్ను నిలదీస్తారు. మింగేవాడే. ఆ పద్ధతికి నేను ఏడవడం లేదు. కానీ షావుకారు నూలు ఇచ్చేవాడు, అమ్ముడుపోని చీర భారం తన నెత్తిన వేసుకునేవాడు. యాప్ లాభంలో షావుకారు, నష్టంలో చుట్టపుచూపు. వాపసు రవాణా ఖర్చు సైతం నేతగాడి ఖాతాలోంచే పోతుంటే దళారీ పోయాడని ఎలా నమ్మాలి?

ఆన్‌లైన్ వద్దనడం లేదు. నేతగాణ్ణి మగ్గం మీదే ఉండనివ్వండి అంటున్నాను. ఫొటోలు, పార్సిళ్ళు, గొడవలు చూసే పని సహకార సంఘం చెయ్యాలి. ఇద్దరు కుర్రాళ్ళకు జీతమిచ్చి కూర్చోబెడితే ఊరంతటికీ సరిపోతుంది. పడుగు ఎక్కే ముందే ఏడెనిమిది ఆర్డర్లు కలిపి, ముందస్తు డబ్బు తీసుకుని, నెలా నెలన్నర గడువు చెప్పండి. మంచి చీర కోసం అంత ఆగలేనివాళ్ళను ఆ అచ్చు గుడ్డే కొనుక్కోనివ్వండి.

కంపెనీలకు రెండే మాటలు. భౌగోళిక గుర్తింపు కింద అధికారికంగా నమోదైనవాడు తప్ప ఇంకెవడూ ‘పోచంపల్లి’ అన్న పేరు వాడకుండా తాళం వేయండి. కట్టి విప్పిన చీరను వాపసు తీసుకుంటే ఆ నష్టం మీరే భరించండి. ఇవి మీ ఇంజనీర్లకు వారం పని. చేయలేమంటారా, అయితే చేనేతకు అండగా ఉన్నామన్న ఆ బ్యానరు మీ యాప్ మొహం మీంచి ఈ రోజే పీకేయండి.