కరుణామూర్తి అనడం ఆపండి

మన దగ్గర నర్సు చనిపోతే చదివే ప్రసంగం ఎప్పుడో తయారై ఉంది. పేరు, ఊరు మారతాయి, అంతే. ఆమె కరుణామూర్తి, తెల్లచీరలో తిరిగిన దేవత, సొంత సుఖం ఎరగని మనిషి, రోగి మలమూత్రాలు ఎత్తినా ముఖం చిట్లించని తల్లి. ఆమెకు పాట వస్తే చివర్న ఇంకో వాక్యం చేరుతుంది: దేవుడు తీయని గొంతిచ్చాడు, తీరిక దొరికినప్పుడు పాడుకునేది. గుంటూరు నుంచి ఒంగోలు దాకా చర్చి ఆవరణల్లో, ఆసుపత్రి వరండాల్లో, సమాధుల తోటల్లో ఇదే వింటాం. మే 12న నర్సుల దినోత్సవం నాడు బతికున్నవాళ్ళకూ ఇదే వినిపిస్తారు. శాలువా అదనం.

ఈ మాటలు చెప్పేవాళ్ళది చెడ్డ మనసని నేననను. ఆ మాటలు చేసే పని మాత్రం చెడ్డది. కరుణ పుట్టుకతో వచ్చిందట, గొంతు దేవుడిచ్చాడట. మరి ఆమె నేర్చుకున్నదేమిటి? మూడేళ్ళ జీఎన్ఎం చదువు, లెక్కలేనన్ని నైట్ డ్యూటీలు, ఆదివారం పాట కోసం శనివారం సాయంత్రం చేసిన సాధన ఎక్కడికి పోయాయి? రెండు విద్యలు కష్టపడి సంపాదించుకున్న మనిషికి రెండు సుగుణాలు అంటగట్టి పంపేస్తున్నాం. విద్యకైతే జీతం అడగొచ్చు, పేరు అడగొచ్చు. సుగుణానికి ఎవరు జీతమిస్తారు?

ఈ నేల మీద నర్సు చేసే పనేమిటో ముందు చూడండి. పర్చూరు, చిలకలూరిపేట, మార్టూరు, నరసరావుపేట అంతా నల్లరేగడి, పత్తి, మిరప. రెండూ పురుగుమందు తాగి పెరిగే పంటలే. 1987-88లో తెల్లదోమ పత్తిని పీల్చేసిన ఏడాది ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నారు. పైరుకు కొట్టాల్సిన మందే తాగారు. పదేళ్ళ తర్వాత 1997-98లో మళ్ళీ పత్తి ముంచింది, మళ్ళీ అవే చావులు. ‘మందు తాగిన కేసు’ అనే మాట ఈ మైదానంలో ఏ ఆసుపత్రిలోనైనా రోజువారీ మాట.

ట్రాక్టరు మీదో ఆటోలోనో మనిషిని దించగానే నర్సు అడిగే మొదటి ప్రశ్న కరుణకు సంబంధించింది కాదు. ‘ఏ మందు? డబ్బా తెచ్చారా?’ ఆ ప్రశ్న మీదే వైద్యం నడుస్తుంది. మోనోక్రోటోఫాస్ లాంటిదైతే అట్రోపిన్ పని చేస్తుంది. వెనకటి రోజుల్లో ఊళ్ళలో విరివిగా దొరికిన ఎండ్రిన్ అయితే దాని దారి వేరు. మోనో తాగినవాడికి నోటి వెంట చొంగ కారుతుంది, ఒళ్ళంతా చెమట, కంటిపాప సూదిమొనంత అయిపోతుంది, ఊపిరితిత్తుల్లో నీరు గరగరలాడుతుంది. ఆ గరగర తగ్గేదాకా నిమిషాలు లెక్కపెట్టుకుంటూ అట్రోపిన్ ఇస్తూ పోవాలి. తక్కువైతే మనిషి తన ఉమ్మిలో తనే మునిగిపోతాడు. ఎక్కువైతే ఒళ్ళు కాలిపోతుంది, నాడి పరుగెడుతుంది, గాలిలో లేనిదేదో పట్టుకోబోతూ కలవరిస్తాడు. ఆ రెంటికీ మధ్య దారి పట్టుకోవలసింది రాత్రి రెండు గంటలప్పుడు మంచం పక్కన నిలబడ్డ మనిషే. డాక్టరు ఆర్డరు రాసి ఇంకో కేసుకు పోయి ఉంటాడు.

అక్కడితోనూ అయిపోదు. మర్నాడో ఆ మర్నాడో రోగి కళ్ళు తెరిచి మాట్లాడతాడు, బంధువులు కొబ్బరికాయ కొట్టడానికి పోతారు. సరిగ్గా అప్పుడే అతను దిండు మీద నుంచి తల ఎత్తలేకపోతే మెడ కండరాలు బలం కోల్పోతున్నాయని, ఇక ఊపిరి కండరాల వంతని అర్థం. తెలిసిన నర్సు ప్రతి పూటా ‘ఏదీ, తల ఎత్తు’ అని అడుగుతుంది. చూసేవాళ్ళకు అది మామూలు పలకరింపులా ఉంటుంది. దాన్ని ఓర్పు, జాలి అని పొగడటం ఆ చదువును అవమానించడమే. జాలి ఇంటివాళ్ళకూ ఉంది. వాళ్ళు గుమ్మం దగ్గర ఏడుస్తున్నారు.

ఈ దురలవాటు ఎక్కడ పుట్టిందో తెలియాలంటే గుంటూరు చరిత్ర కొంత తిరగెయ్యాలి. అమెరికా నుంచి అన్నా సారా కూగ్లర్ 1883లో గుంటూరులో దిగింది. వైద్యం చదివిన మనిషి. అయినా లూథరన్ మిషన్ ఆమెను పంపింది బడిపంతులమ్మగా. ఆడపిల్లల బళ్ళు చూసుకుంటూ మిగిలిన వేళల్లో రోగుల్ని చూసేది. వైద్యమే ఆమె పని అని మిషన్ ఒప్పుకునేసరికి 1885 చివరైంది. అంటే కూగ్లరమ్మ వైద్యం కూడా మొదట్లో ‘తీరిక వేళ పని’గానే సాగింది! 1898లో ఆసుపత్రి తెరిచారు. 1930లో ఆమె పోయాక ఆ ఆసుపత్రికి ఆమె పేరే నిలిచింది. బతికుండగానే కైసర్-ఇ-హింద్ పతకమూ వచ్చింది. న్యాయమే.

ఆ ఆసుపత్రిలో నర్సింగ్ పని చూసుకోవడానికి అమెరికా నుంచే వచ్చిన కేథరిన్ ఫాస్ పేరు ఈనాడు గుంటూరులో ఎందరికి తెలుసు? ఆమె సంగతి అటుంచండి, ఆ వార్డుల్లో పనిచేసిన తెలుగు ఆడపిల్లల పేర్లు చెప్పండి. వాళ్ళలో చాలామంది మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాల పిల్లలు. 1876-78 ధాత కరువు తర్వాత ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషన్ క్లౌ దొర దగ్గరికి జనం వేలల్లో కదిలారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గుంటూరు వైపు లూథరన్ మిషన్‌దీ అలాంటి కథే. ఆ కుటుంబాల కూతుళ్ళకు చదువుతో పాటు తెరుచుకున్న కొద్ది తలుపుల్లో నర్సింగ్ ఒకటి. ఎందుకంటే నెత్తురు, చీము, పురుడు, శవం ముట్టుకునే పనికి పై కులాల ఆడపిల్లలు రారు, పంపరు. ఆ పనిని అంటరాని పనిగా చూసినవాళ్ళే, అది లేకపోతే ప్రాణం పోతుందని తెలిశాక, ‘సేవ’ అని పెద్దపేరు పెట్టారు. పేరు పెరిగింది, పక్కన కూర్చోబెట్టుకోవడం మాత్రం జరగలేదు. 1946లో దేశ ఆరోగ్య పరిస్థితిని పరిశీలించిన భోర్ కమిటీ లెక్క తీస్తే దేశంలో 43,000 మందికి ఒక నర్సు ఉంది. ఇంత పుణ్యకార్యానికి మన ఇళ్ళలోంచి ఎవరూ ఎందుకు రాలేదో ఆ అంకె చెబుతుంది.

ఇక పాట. నర్సు పాటను మనం సరదా అనుకోవడానికి ఒక కారణం ఉంది. ఆ పాట ఎక్కడ నేర్చిందో మన సంగీత సభలకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. పాటల తల మీద రాగం పేరు, తాళం పేరు అచ్చేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803-1890) లాంటివాళ్ళు కీర్తన సంప్రదాయంలో పల్లవి, చరణాలు కట్టి రాసినవి. రాజాస్థానం నుంచీ అగ్రహారం నుంచీ పల్లెకు ఎన్నడూ దిగని రాగాల పేర్లు ఆ పుస్తకం మీదుగా మాలపల్లె పిల్లకు అందాయి. పుస్తకం రాకముందు ఆ పల్లెలో పాట లేదని కాదు. తత్వాలున్నాయి, కోలాటం పాటలున్నాయి, నాట్ల పాటలు, కోతల పాటలు ఉన్నాయి. మిరప కోతకు పోయి చేతుల మంటతో ఇంటికొచ్చే తల్లి దగ్గర పిల్ల మొదట విన్నది ఆ గొంతే. హాస్టల్లో, నర్సింగ్ స్కూలు ప్రార్థనలో, చర్చి కోయిర్‌లో దానికి శ్రుతి, తాళం, నలుగురితో గొంతు కలిపే క్రమం వచ్చాయి. ఇన్ని దారుల్లో నేర్చిన పాటకు ‘దేవుడిచ్చిన గొంతు’ అని ఒక్కమాటతో తెర దించేస్తాం. గురువు లేడు కాబట్టి విద్య కాదన్నమాట!

ఇదే ప్రశ్న ఒక మగ డాక్టరు విషయంలో ఎలా తేలిందో చూద్దాం. శ్రీపాద పినాకపాణి (1913-2013) వైద్యుడు, కర్నూలు మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పిన ఆచార్యుడు. కర్ణాటక సంగీతంలో మహా విద్వాంసుడు, ఎందరికో గురువు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అంది, ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. ఆయన పాటను ఎవరూ ఓపీ అయ్యాక కాలక్షేపం అనలేదు. ఆసుపత్రి పనిని పుట్టుక గుణం అనీ అనలేదు. రెండు విద్యలూ రెండు విద్యలుగానే నిలిచాయి. నిలవాలి కూడా. ప్రతి పాడే నర్సూ పినాకపాణి అంతటిదని వాదించడం లేదు, ఆ మాట ఆయన శిష్యులకంటే ముందు నాకే నవ్వొస్తుంది. స్థాయి వేరు కావచ్చు, కొలిచే కర్రే వేరైతే అదెక్కడి న్యాయం?

నైటింగేల్‌ను మాత్రం వదిలారా? చేతిలో దీపంతో బొమ్మ వేసి గోడకు తగిలించారు. ఆమె అసలు ఆయుధం అంకెలు. క్రిమియా యుద్ధంలో సిపాయిలు గాయాలకంటే రోగాలతోనే ఎక్కువ చచ్చిపోయారని పటాలు గీసి ప్రభుత్వం ముందు పెట్టింది. 1858లో లండన్ గణాంక సంఘంలో చేరిన తొలి మహిళ ఆమే. వయసులో ఇటలీ ఒపేరా అంటే పిచ్చి. నర్సింగ్ మీద 1859లో రాసిన పుస్తకంలో రోగికి ఏ సంగీతం హితమో, ఏది కాదో కూడా పరిశీలించి రాసింది. ఎడతెగని నాదం ఇచ్చే మనిషి గొంతు, తీగ వాద్యాలు మంచివని, పియానో లాంటి తెగిపోయే ధ్వని రోగికి పడదని ఆమె అభిప్రాయం. ఒప్పుకున్నా మానినా, అది పరిశీలించే బుద్ధి రాసిన మాట. ఆ బుద్ధిని ఆర్పేసి దీపం ఒక్కటే మిగిల్చుకున్నాం.

నైటింగేల్ మాట పట్టుకుని కొందరు ఇంకో దారి తొక్కుతారు. నర్సమ్మ పాడితే రోగికి నొప్పి తగ్గేది కాబట్టి పాట కూడా వైద్యమే, కాబట్టి గొప్పదే అంటారు. వినడానికి బాగుంది కాని ఇదీ మోసమే. అంటే ఆమె గొంతు కూడా రోగి సొత్తే అన్నమాట. డ్యూటీ దిగి క్వార్టర్స్ మెట్ల మీద కూర్చుని, ఎవరి నొప్పీ తగ్గించకుండా, తనకు ఇష్టమైన సినిమా పాటో కీర్తనో పాడుకుంటే దానికి విలువ లేదా? పైగా మిషన్ ఆసుపత్రుల్లో వార్డు పాట ఎప్పుడూ నిర్దోషి కాదు. మంచం దిగలేని రోగికి మతబోధ వినిపించడానికీ అది పనికొచ్చింది. కిట్టనివాడు లేచి పోలేడు. ఆ చరిత్రను దాచి ‘స్వస్థపరిచే గానం’ అని పొగడటం కంటే, ఆ పాట కొన్నిసార్లు బోధ, కొన్నిసార్లు ఓదార్పు, చాలాసార్లు ఆమె సొంత సంతోషం అని ఉన్నదున్నట్టు చెప్పడం మేలు.

‘సేవ అంటే గౌరవమే కదా, మీకెందుకింత కోపం’ అనే పెద్దమనిషి ఒకరు ప్రతి సభలో ఉంటారు. అయ్యా, గౌరవమైతే జీతాల రిజిస్టరులో కనపడాలి. ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు 2016లో కమిటీ వెయ్యమంది. ఆ కమిటీ 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని చెప్పింది. అమలు రాష్ట్రాలకు వదిలేశారు. గుంటూరు అరండల్‌పేటలో, కొత్తపేటలో, ఒంగోలు నర్సింగ్ హోముల్లో ఆ లెక్క ఎంతమందికి అందుతోందో వార్డులో ఉన్న పిల్లనే మెల్లగా అడగండి. మేనేజ్‌మెంటు వినకుండా అడగండి. దేవతలకు జీతం చీటీ ఇవ్వరని ఆ పిల్లకు మీకంటే బాగా తెలుసు. అరబ్బు దేశాలకో ఇంగ్లండుకో పరీక్షలు రాసి వెళ్ళిపోతున్నది అందుకే. అప్పుడు మనం ‘సేవాభావం తగ్గిపోయింది’ అని ఇంకో ప్రసంగం చేస్తాం.

ఇంకో మాటా వినిపిస్తుంది: ఆమెకు కళాకారిణి అనిపించుకోవాలని లేదు, తృప్తి కోసం పాడుకుంది, మనమెందుకు లేనిది అంటగట్టాలి? ఇందులో కొంత నిజముంది. ప్రతి పాటకూ వేదిక అక్కర్లేదు. కాని అడగకపోవడానికీ అడిగే వీలు లేకపోవడానికీ తేడా ఉంది. రాత్రి డ్యూటీ దిగి, ఇంట్లో వంట ముగించి, సాయంత్రం కోయిర్ సాధనకు పోయే మనిషికి కచేరీ ఎవరు పెట్టారు గనక వద్దంది?

అందుకే ఈ మైదానంలో నర్సు సంస్మరణ సభ పెట్టేవాళ్ళకు నా విన్నపం ఒక్కటే. కరుణామూర్తి, దేవత అనే మాటలు పక్కన పెట్టండి. ఎక్కడ శిక్షణ పొందింది, ఏ ఏడాది రిజిస్టరైంది, లేబరు వార్డా క్యాజువాల్టీనా, మందు తాగిన కేసుల్ని ఎలా కాపాడేది, పర్మనెంటా కాంట్రాక్టా, రిటైరయ్యేనాటికి జీతమెంత, పింఛను వచ్చిందా లేదా, ఇవి చెప్పండి. పాట ఎవరి దగ్గర నేర్చింది, పుస్తకంలో ఏ కీర్తనలు ఆమెవని జనం అనుకునేవారు, ఏ రాగం దగ్గర నిలబడిపోయేది, సినిమా పాటల్లో ఎవరివి పాడేది, ఇవీ చెప్పండి. ఫ్లెక్సీ కొట్టించే డబ్బుతో ఆమె తోటి గాయనుల చేత ఆ పాటలు పాడించి రికార్డు చెయ్యండి. బతికున్న ఆమె స్నేహితురాళ్ళు ఇప్పటికే డెబ్బై దాటి ఉంటారు. ఫోను అందరి జేబులోనూ ఉంది, ఈ ఆదివారమే వెళ్ళండి.