వాళ్లకూ ఒక ఓళిగ పెడదాం!

పెద్దల అమావాస్యనాడు ఇంట్లో ఓళిగలు చేస్తున్నాం. పొయ్యి పక్కన పీట మీద కూర్చున్న మా అమ్మాయి సెల్‌ఫోన్‌లో మన సీమ కోటల గురించి ఏదో చదివి వినిపిస్తోంది. మా అత్తమ్మది జమ్మలమడుగు. గండికోట ఆమె చిన్నప్పటినుంచీ చూసిందే. "నాకే తెలీని సంగతులు చెప్తాండావే! ఎవరు రాసినారమ్మా ఇది?" అని అడిగింది.

మా అమ్మాయి తెలుగు వికీపీడియా పేజీలో 'చరిత్ర' అన్న మాట నొక్కింది. బారెడు జాబితా వచ్చింది. ఎవరు, ఏ రోజు, ఏ గంటకు, ఏ మాట చేర్చారో అంతా అక్కడుంది. చాలాసార్లు కనబడిన ఒక పేరు మీద నొక్కితే, ఆ మనిషి ఇప్పుడు లేరని రెండు ముక్కలు రాసి ఉన్నాయి. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

"అయితే ఆయప్పకూ ఒక ఓళిగ పెట్టమ్మా. మన పెద్దల్లో ఆయనా ఒకడే గదా" అంది అత్తమ్మ.

ఆ మాట నన్ను వదల్లేదు. పిల్లల ప్రాజెక్టు పనికీ, పోటీ పరీక్షలకీ, ఏ గుడి ఏ ఊళ్లో ఉందో చూసుకోవడానికీ రోజూ వికీపీడియా తెరుస్తాం. తెలుగులో అది 2003 డిసెంబరులో మొదలైంది. ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. మారుమూల పల్లెలకు కూడా పేజీలున్నాయి. ఇదంతా రాసింది జీతానికి పనిచేసే ఉద్యోగులు కాదు. వంటా వార్పూ అయ్యాక, ఆఫీసు నుంచి వచ్చాక, రిటైరయ్యాక ఇంత తీరిక చేసుకుని కూర్చున్న మామూలు మనుషులు. వ్యాసం కింద వాళ్ల పేరు ఉండదు. చాలామంది మారుపేర్లతోనే రాస్తారు. అలాంటివాళ్లు పోతే, వాళ్లేం చేసి పోయారో ఒక్కోసారి ఇంట్లోవాళ్లకే తెలీదు.

"పైసా రాని పనికి ఇంత గొప్పా?" అంటారు కొందరు. పైసా రాని పని విలువేమిటో ఆడవాళ్లకు ఇంకొకరు చెప్పాలా? ఇల్లు ఊడ్చినంతకాలం ఎవరికీ కనబడదు, ఒక్కరోజు మానితే అందరికీ కనబడుతుంది. ఇదీ అంతే.

ఇంకో సంగతి. వికీపీడియాలో ఒక మనిషి గురించి వ్యాసం ఉండాలంటే, ఆ మనిషి గురించి పత్రికల్లోనో పుస్తకాల్లోనో ఇతరులు రాసి ఉండాలి. ఆ నిబంధన మంచిదే. లేకపోతే ఎవరి గొప్ప వాళ్లు రాసుకుంటారు. కానీ దానివల్ల వందలమంది గురించి రాసినవాళ్లకు కూడా తమ గురించి ఒక వ్యాసం ఉండకపోవచ్చు. కాబట్టి వాళ్లను గుర్తుపెట్టుకోవడం మన పని.

బయటి దేశాల్లో ఈ ఆలోచన మొదలైంది. ఇంగ్లీషు వికీపీడియాలో చనిపోయిన రచయితలకోసం ప్రత్యేకంగా ఒక పేజీ ఉంది. అమెరికాలో ఏడ్రియాన్ వాడెవిట్జ్ అనే ఆవిడ మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్, జేన్ ఆస్టిన్ వంటి రచయిత్రుల గురించి ఎంతో శ్రద్ధగా రాశారు. మరింతమంది ఆడవాళ్లు రాయాలని అందరికీ చెప్పేవారు. కొండ ఎక్కుతూ పడి, 2014 ఏప్రిల్ 8న 37 ఏళ్లకే కన్నుమూశారు. న్యూయార్క్ టైమ్స్ ఆమె గురించి సంస్మరణ ప్రచురించింది. అదే ఏడాది పోలండ్‌లో స్లుబిట్సె అనే చిన్న పట్నంలో వికీపీడియా రాసేవాళ్ల గౌరవార్థం ఒక శిల్పం నిలబెట్టారు. మహానగరం కాదు, మన ప్రొద్దుటూరు కంటే చాలా చిన్న ఊరు!

మనకు ఇది కొత్తేమీ కాదు. వంద సంవత్సరాల కిందటే కొమర్రాజు లక్ష్మణరావు గారు తెలుగులో విజ్ఞాన సర్వస్వం తెద్దామని నడుం కట్టారు. పని సగంలో ఉండగానే 1923లో పోయారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆ పనిని అందుకుని ముందుకు నడిపారు. లక్ష్మణరావు గారి అక్క భండారు అచ్చమాంబ. ఆమె బడికి పోయి చదువుకున్నది కాదు. అయినా 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేరుతో స్త్రీల జీవిత చరిత్రలు రాసింది. కన్న బిడ్డల్ని పోగొట్టుకుంది. 1905లో ముప్పయ్యేళ్లు దాటగానే తానూ వెళ్లిపోయింది. మరుగున పడిన ఆడవాళ్ల గురించి రాసిన ఆ మనిషిని మనమే చాలాకాలం మరుగున పడేశాం.

మన ప్రొద్దుటూరు సంగతే చూడండి. 'శివతాండవం' అంటే పుట్టపర్తి నారాయణాచార్యుల వారని చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఆయన భార్య కనకమ్మ గారు కూడా కవయిత్రేనని ఎంతమందికి తెలుసు? ఎవరో ఒకరు ఓపిగ్గా రాసిపెడితేనే అలాంటి పేర్లు నిలుస్తాయి. రాసిపెట్టిన ఆ ఒకరు కూడా మాయమైపోతే ఎట్లా?

నేను అడిగేది విగ్రహాలు కాదు, శాలువాలు కాదు. ఏటా డిసెంబరులో తెలుగు వికీపీడియా పుట్టినరోజు వస్తుంది. ఆ రోజు ప్రొద్దుటూరులో ఒక గ్రంథాలయంలో, జమ్మలమడుగులో ఒక బడిలో, పులివెందులలో ఒక కాలేజీలో పదిమంది కూర్చోవాలి. ఒక దీపం పెట్టాలి. ఇప్పుడు లేనివాళ్లు రాసిన వ్యాసం ఒకటి పైకి చదవాలి. అందులో తప్పుంటే దిద్దాలి, లేని ఫొటో చేర్చాలి, సగంలో ఆగిన పేరా పూర్తి చేయాలి. పంతులు గారు చేసింది అదే కదా! దండ మూడోనాటికి వాడిపోతుంది. పూర్తిచేసిన వ్యాసం మాత్రం ఇంకో పిల్ల చదువుకుంటుంది.

ఒక్క జాగ్రత్త. మారుపేరుతో రాసినవాళ్ల అసలు పేరు బయటపెట్టే ముందు ఇంట్లోవాళ్లను అడగాలి. దాచుకున్నారంటే ఏదో కారణం ఉంటుంది. పోయినవాళ్ల మాటను కూడా మన్నించాలి.

రాసేవాళ్లకు కూడా ఒక మాట. పాసుబుక్కు ఏ బీరువాలో ఉందో, ఇన్సూరెన్సు బాండు ఎక్కడ పెట్టారో ఇంట్లో చెప్పి పెడతారు కదా. "నేను ఫలానా పేరుతో వికీపీడియాలో రాస్తుంటాను" అని కూడా చెప్పండి. పాస్‌వర్డు ఇవ్వక్కర్లేదు. ఆ పేరుతో ఇంకొకరు రాయకూడదు కూడా. సంగతి తెలిస్తే చాలు. రేపు మీ మనవరాలు మా జేజి రాసిందని నలుగురికీ చూపించుకుంటుంది.

"మాకేం వచ్చని రాస్తాం?" అని వెనకాడే అక్కచెల్లెళ్లు ఎంతోమంది. మీ ఊరి చెరువు పేరు తెలుసు కదా! చీనీ తోటకు నీళ్లెప్పుడు కట్టాలో, మగ్గం మీద పోగు తెగితే ఎట్లా అతుకుతారో తెలుసు కదా! వాటి గురించి ఏ పుస్తకంలో ఉందో వెదికి, రెండు వాక్యాలతో మొదలుపెట్టండి. వికీపీడియాలో రాసేవాళ్లలో ఆడవాళ్లు ఇప్పటికీ తక్కువే. జీవిత చరిత్రల్లో ఆడవాళ్లవి ఇంగ్లీషులోనే అయిదింట ఒక వంతు దగ్గర ఉన్నాయి.

ఆరోజు మా అత్తమ్మ చెప్పినట్టే విస్తరిలో ఒక ఓళిగ ఎక్కువ పెట్టాం. ఎవరికని అడిగితే చెప్పడానికి అసలు పేరు తెలీదు. కానీ ఆ రాత్రి మా అమ్మాయి ఆ వ్యాసంలో అక్షర దోషాలు రెండు దిద్దింది. చరిత్ర జాబితాలో ఆ పేరుకు నాలుగు వరసల పైన దాని పేరు చేరింది. తద్దినం అంటే అదేనేమో అనిపించింది నాకు.