లామాకు సీసాపాలు అలవాటు చేయకండి



గత సంచికలో అమెరికాలో లామాల (ఒంటె కుటుంబానికి చెందిన ఉన్ని జంతువుల) పెంపకంపై వచ్చిన వ్యాసం బాగుంది గానీ, మేకపిల్లలా సీసాపాలు పట్టి ఒళ్లో పెంచితే మాట వింటుందన్న సలహా ప్రమాదకరం. మంద లేకుండా మనిషి చేతుల్లో పెరిగిన మగ లామా పిల్ల మనిషిని తన జాతే అనుకుంటుంది. ఎదిగాక మనిషిని పోటీకొచ్చిన మగదనుకుని రొమ్ముతో గుద్ది మీద పడుతుంది. బరువేమో 150 కిలోల పైమాటే! పాలు పట్టక తప్పకపోయినా పిల్లను మందలోనే ఉంచాలి.

ఎద్దుకు ముకుతాడు వేసిన అనుభవమూ ఇక్కడ పనికిరాదు. లామా ఊపిరంతా ముక్కుతోనే. దాని తలకు కట్టే హాల్టర్‌లోని ముక్కు పట్టీ కళ్లకు కాస్త దిగువన, ఎముక మీద ఆనాలి. అది కిందికి, మెత్తటి మృదులాస్థి మీదికి జారితే లామా ఊపిరాడక తల విదిలించుకుంటుంది. మనం దాన్ని పొగరంటాం.

ఉమ్మడం గురించి అంత రాసినవారు కాపలా ఊసే ఎత్తలేదెందుకో. 1990ల తొలినాళ్లలో అయోవా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు గొర్రెల రైతులను అడిగితే, మందలో లామాను వదిలాక కయోటీల (తోడేలును పోలిన అడవి జంతువుల) బెడద బాగా తగ్గిందన్నారు. సాధారణంగా ఒక్కటి చాలు. ఎక్కువైతే తమలో తామే జట్టుకట్టి గొర్రెలను పట్టించుకోకపోవచ్చు. కాపలా కుక్కకైతే వేరే తిండి పెట్టాలి, లామా గొర్రెలతోపాటే మేస్తుంది. కుక్కలు గుంపుగా వచ్చిపడితే మాత్రం దానివల్ల కాదు.

చివరగా ఇంకో మాట: మా టెక్సాస్‌లో లామాలు పెంచేవారు ఎండలు ముదరకముందే ఉన్ని కత్తిరించాలి. లేకుంటే వాటికి వడదెబ్బ తగలొచ్చు.

— ఒక పాఠకుడు, టెక్సాస్