చోడి అంబలికి చోటేదీ?

శ్రీకాకుళం రోడ్ అన్న బోర్డు చూసి రైలు దిగితే అది ఆమదాలవలస. అరసవల్లికీ, శాలిహుండానికీ, పెలికాన్లు గూళ్లు కట్టే తేలినీలాపురానికీ ఇక్కడి నుంచే చాలామంది బయల్దేరతారు. మరి దారిలో తిండి? రణస్థలం–నరసన్నపేట మధ్య జాతీయ రహదారిని ఆరు వరుసలకు విస్తరించారు. పక్క దాబాల్లో పనీర్‌కూ ఫ్రైడ్‌రైస్‌కూ కొదవ లేదు. ఉల్లిపాయ నంజుకుని తాగే చోడి (రాగి) అంబలి కావాలంటే మాత్రం తోపుడుబండిని వెతుక్కోవాలి. ఆ బండి కనిపిస్తే ట్రాఫిక్‌కు అడ్డమంటూ తరిమే తొందరే ఎక్కువ! 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం పట్టణాల్లో వారికి చోటు చూపమంటోంది. స్టేషన్ దగ్గర నీడ, కుళాయి, చెత్తబుట్ట ఉన్న కాస్త స్థలం మునిసిపాలిటీ ఇవ్వాలి. తేలినీలాపురంలో పక్షులు దిగే సెప్టెంబరుకల్లా, గూళ్లున్న చెట్లకు దూరంగా, ఊరి మహిళా సంఘాలకు అటవీశాఖ అలాంటి చోటే చూపాలి.